అత్త మణికట్టుకి కోడలి కొంగు: ఒక డిమెన్షియా కేసు, ఐదేళ్ళ మూడు నెలలు

ఈ కేసులో నా వల్ల జరిగిన పొరపాటు ముందే చెప్పేస్తాను. పేషెంటుకి ఎలా ఉందని ఐదేళ్ళలో ఓ నలభై సార్లు అడిగి ఉంటాను కానీ, ఆమెని కనిపెట్టుకుని ఉన్న కోడలు రాత్రిపూట ఎన్ని గంటలు నిద్రపోతోందో మొదటి రెండేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే తర్వాత జరిగినవాటిలో కొన్నయినా జరిగేవి కావని ఇప్పటికీ అనిపిస్తుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను, ఎవరో గుర్తుపట్టగలిగే వివరాలు తీసేశాను.

నేను నెల్లూరులో జనరల్ ఫిజీషియన్‌ని. న్యూరాలజిస్టునీ కాదు, సైకియాట్రిస్టునీ కాదు. కానీ ఇలాంటి మతిమరుపు (డిమెన్షియా) కేసులు మొదట వచ్చేది మా దగ్గరికే. షుగరుకో బీపీకో చూపించుకోడానికి వస్తారు, అంతా అయ్యాక లేచి తలుపు దాకా వెళ్ళి అక్కడ ఆగి, "సార్, ఈ మధ్య అమ్మ చెప్పిందే చెప్తా ఉంది" అంటారు. అప్పటికి బయట ఇంకో ఇరవై మంది కూర్చుని ఉంటారు. ఆ తలుపు దగ్గరి మాటని పట్టించుకోవడమా, "వయసు కదా" అని పంపేయడమా అన్నది ఆ నిమిషంలో తేలిపోతుంది.

ఈ పెద్దామె 2018 నవంబరులో వచ్చింది. వయసు 71. విడవలూరు మండలంలో సముద్రం వైపు ఊరు, పుట్టిల్లు అల్లూరు దగ్గర. భర్త పోయి ఆరేళ్ళు. పెద్దకొడుకు రొయ్యల గుంటలు చూసుకుంటాడు, ఆమె ఉండేది అతని దగ్గరే. చిన్నకొడుకు బెంగళూరు, కూతురు మద్రాసు. షుగరు పన్నెండేళ్ళుగా ఉంది, బీపీ ఉంది. కొడుకు చెప్పింది ఏమిటంటే చేపల పులుసులో ఉప్పు రెండుసార్లు వేస్తోందని, డబ్బులు బియ్యం డబ్బాలో దాచి పనిమనిషి తీసిందని గొడవ చేస్తోందని, గుడికి పోయి తిరిగొచ్చే దారి తప్పిందని. "వయసు కదా సార్" అని అతనే అన్నాడు. వెనక నిలబడి ఉన్న కోడలు అప్పుడు నోరు తెరిచింది. "వయసు కాదు సార్. చీర కట్టుకుంటా కట్టుకుంటా కుచ్చిళ్ళు పోసుకునే కాడ ఆగిపోతా ఉంది. కొంగు చేత్తో పట్టుకోని అట్నే నిలబడతది, తర్వాత ఏం చెయ్యాలో తెలీదు." నాకు ఆ రోజు అందిన సమాచారంలో అన్నిటికంటే పనికొచ్చింది ఈ ఒక్క మాటే. పేర్లు, తేదీలు మర్చిపోవడం వయసుతో కొంత వస్తుంది. యాభై ఏళ్ళుగా రోజూ కట్టుకున్న చీర సగంలో ఆగిపోవడం వయసు కాదు.

ఆమె చదివింది మూడో తరగతి. ఎం.ఎం.ఎస్.ఈ. అనే మతి పరీక్షలో 30కి 16 వచ్చింది గానీ, చదువు తక్కువ ఉన్నవాళ్ళలో ఆ అంకెని పట్టుకుని కూర్చుంటే మోసపోతాం. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం అడెన్‌బ్రూక్స్ అనే మతి పరీక్షని తెలుగులోకి తెచ్చారు, అది చాలా మేలు. అయినా నేను ఎక్కువ నమ్మేది ఇంటి పనుల గురించి ఇంట్లోవాళ్ళని విడివిడిగా అడగడాన్నే. థైరాయిడ్ బాగుంది, బి12 తక్కువ ఉంది. ఇంజెక్షన్లు చేసి మూడు నెలలు చూశాం, కాళ్ళ తిమ్మిర్లు తగ్గాయి గానీ మతిలో మార్పు లేదు. ఎం.ఆర్.ఐ.లో హిప్పోకాంపస్, అంటే జ్ఞాపకాలకి ముఖ్యమైన మెదడు భాగం, కుంచించుకుపోయి ఉంది, సన్న రక్తనాళాలు దెబ్బతిన్న మచ్చలు కూడా ఉన్నాయి. అల్జీమర్స్, దానితో పాటు రక్తనాళాల సమస్య, రెండూ కలిసిన డిమెన్షియా అని రాశాను. డొనెపెజిల్ అనే మతిమరుపు మాత్ర 5 మి.గ్రా.తో మొదలుపెట్టి, ఇ.సి.జి. చూసుకుని, ఆరు వారాలకి 10కి పెంచాను.

కొడుకు అడిగాడు, "ఎన్నాళ్ళు సార్?" అని. "అది చెప్పలేం" అన్నాను. నిజానికి కొంత చెప్పొచ్చు, చెప్పాలి కూడా. 2025 జనవరిలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నెదర్లాండ్స్ పరిశోధకులు 261 అధ్యయనాలు, 55 లక్షల మంది పేషెంట్ల లెక్కలు కలిపి ప్రచురించారు. జబ్బు పేరు పెట్టిన రోజు నుంచి సగటున 65 ఏళ్ళ ఆడమనిషి 8 ఏళ్ళు, 85 ఏళ్ళ ఆమె నాలుగున్నర ఏళ్ళు బతుకుతారు. మగవాళ్ళకి అదే 5.7, 2.2. అల్జీమర్స్ అయితే మిగతా రకాల కంటే ఏడాది పైన ఎక్కువ, ఆసియా జనంలో కూడా ఏడాది పైన ఎక్కువ. అదే లెక్కల్లో, పేషెంటుని నర్సింగ్ హోంలో చేర్చేదాకా పట్టే కాలం మధ్యస్థంగా 3.3 ఏళ్ళు, మొదటి ఏడాదిలోనే 13 శాతం మంది, ఐదేళ్ళకి 57 శాతం మంది చేరిపోతున్నారు.

ఇక్కడ ఒక మాట. మనకి నర్సింగ్ హోం అంటే కాన్పులు చేసే చిన్న ఆస్పత్రి, నెల్లూరు పొగతోటలో వరసగా కనిపించేవి. వాళ్ళు నర్సింగ్ హోం అనేది వేరు, జీవితాంతం ఉండి చూసుకునే చోటు. దానికి మన దగ్గర సరైన మాటే లేదు, ఎందుకంటే ఆ వస్తువే దాదాపు లేదు. వృద్ధాశ్రమాలు ఉన్నాయి. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టంలో ప్రతి జిల్లాలో దిక్కులేని పెద్దవాళ్ళు 150 మందికి చోటుండే ఆశ్రమం ఒకటైనా ప్రభుత్వం పెట్టొచ్చని రాసి ఉంది. కానీ ఆశ్రమంలో మొదట అడిగే ప్రశ్న "తన పని తాను చేసుకుంటారా?" అన్నదే. చేసుకోగలిగితే మనం ఎందుకు తీసుకెళ్తాం? కాబట్టి ఆ 57 శాతం మనకి వర్తించదు. మన దేశంలో 60 దాటినవాళ్ళలో 7.4 శాతానికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన లాసీ-డాడ్ సర్వే లెక్క. అందులో ఆడవాళ్ళూ పల్లెల్లో వాళ్ళూ ఎక్కువ. ఈ 88 లక్షల మందిలో దాదాపు అందరూ ఉన్నది ఇంట్లోనే, ఒక భార్య చేతిలోనో కూతురి చేతిలోనో కోడలి చేతిలోనో.

కేసుకి వస్తాను. మొదటి ఏడాది పెద్ద ఇబ్బంది లేదు. 2019లో మధ్యలో ఒకసారి రెండు రోజుల్లోనే మనిషి తలకిందులైంది, గోడ మీద పాములు పాకుతున్నాయని అరవడం, పగలంతా మగత. డిమెన్షియా ముదిరిందని అనుకుని తీసుకొచ్చారు. డిమెన్షియా రెండు రోజుల్లో ముదరదు. పాతకాలం వాళ్ళు సంధి (డెలిరియం) అనేవాళ్ళే, అది. వెతికితే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంది, దానికి తోడు ఊళ్ళో ఎవరో దురదకి రోజుకి రెండు ఎలర్జీ మాత్రలు ఇచ్చి ఉన్నారు. ఆ రకం పాత ఎలర్జీ మాత్రలు మెదడులో డొనెపెజిల్ చేసే పనికి సరిగ్గా ఎదురు పనిచేస్తాయి. మాత్రలు ఆపి, ఇన్ఫెక్షన్ తగ్గిస్తే వారంలో మామూలు మనిషైంది.

2019 నవంబరులో డొనెపెజిల్ ఆపేశారు, నాకు చెప్పకుండా. "ఏం గుణం కనపడలేదు సార్" అన్నాడు కొడుకు తర్వాత. తప్పు అతనిది కాదు, నేను సరిగా చెప్పలేదు. ఈ మాత్ర మతిని వెనక్కి తేదు, పడిపోయే వేగాన్ని కొంతకాలం తగ్గిస్తుంది అంతే, కాబట్టి గుణం కనపడకపోవడమే కొన్నిసార్లు దాని గుణం. ఆపిన రెండు నెలల్లో స్నానం కూడా ఒకరు చేయించాల్సి వచ్చింది. ఒక్క కేసు చూసి మాత్ర ఆపడం వల్లే అనలేను. కానీ బ్రిటన్‌లో జరిగిన డొమినో ట్రయల్‌లో, ఒక మోస్తరు దాటి తీవ్ర దశకి వచ్చినవాళ్ళలో ఈ మాత్ర ఆపేస్తే తర్వాతి ఏడాదిలో నర్సింగ్ హోంకి చేరే అవకాశం పెరిగిందని 2015లో తేలింది. మళ్ళీ మొదలుపెట్టాం. పోయిన పనులు తిరిగి రాలేదు.

అప్పుడు లాక్‌డౌన్ వచ్చింది. రాత్రిళ్ళు మొదలయ్యాయి.

పొద్దుగూకితే చాలు ఆమె బయలుదేరేది. "యాడికత్తా?" అంటే "అల్లూరికి. మా నాయన కాసుకోనుంటాడు." నాయన పోయి నలభై ఏళ్ళు దాటింది. రాత్రి రెండున్నర ప్రాంతంలో లేచి గేటు దగ్గరికి పోయి గొళ్ళెం తీసేది. గేటు బయట ఇటు రోడ్డు, అటు గుంటలు. గుంటల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్ల చప్పుడు రాత్రంతా ఉంటుంది, మనిషి నీళ్ళలో పడినా ఆ చప్పుడులో వినపడదు. కొడుకు గొళ్ళెం మార్చి గేటుకి బయటివైపు కింద పెట్టించాడు. అయినా ఆమె గేటు పట్టుకుని ఊపుతూ పిలిచేది.

2020 జూన్‌లో కొడుకు ఫోన్ చేశాడు. నేను ఫోన్లోనే రిస్పెరిడోన్ అనే మానసిక జబ్బుల మందు, అర మి.గ్రా. రాత్రికి రాశాను, వాట్సాప్‌లో చీటీ పంపాను. "రెండు వారాలు వేసి ఫోన్ చెయ్యండి" అన్నాను. ఈ రకం మందుల గురించి నాకు తెలియక కాదు. డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ళలో ఇవి చావు ముప్పుని ఒకటిన్నర రెట్లకు పైగా పెంచుతాయని, పది వారాల ట్రయల్స్‌లో మందు వేసుకున్నవాళ్ళు 4.5 శాతం, మందు లేని ఉత్త మాత్ర వేసుకున్నవాళ్ళు 2.6 శాతం పోయారని అమెరికా ఎఫ్.డి.ఎ. 2005లోనే పెట్టె కట్టి హెచ్చరిక ముద్రించింది. అయినా కొన్నిసార్లు తప్పదు, మనిషి గుంటలో పడేలా ఉంటే తప్పదు. తప్పు ఇవ్వడంలో కాదు, ఎప్పుడు ఆపాలో చీటీ మీద రాయకపోవడంలో ఉంది. వాళ్ళు ఫోన్ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. రాత్రులు కాస్త నెమ్మదించాయి కాబట్టి మెడికల్ షాపులో అదే చీటీ చూపించి ఏడు నెలలు తెచ్చి వేశారు. ఈ లోగా ఆమె నడక చిన్నచిన్న అడుగుల్లోకి వచ్చింది, చేతులు బిగుసుకున్నాయి, ముఖంలో కదలిక పోయింది. అది ఆ మందు వల్ల వచ్చిందే, వాళ్ళు మాత్రం అది కూడా జబ్బే అనుకున్నారు.

2021 జనవరిలో తెల్లవారుజామున బాత్‌రూం గుమ్మంలో పడింది. కుడి తుంటి ఎముక విరిగింది.

నెల్లూరులోనే ఆపరేషన్ చేశారు. మూడో రోజు సాయంత్రం చూడటానికి వెళ్ళాను. చేతులు రెండూ మంచం రాడ్డుకి బ్యాండేజీ గుడ్డతో కట్టి ఉన్నాయి, సెలైన్ లాగేస్తోందని. మూత్రానికి పైపు. మళ్ళీ సంధి. కట్లు విప్పించాను, పైపు తీసేద్దామని సర్జన్‌తో మాట్లాడి ఒప్పించాను. రాత్రి తొమ్మిదికి మళ్ళీ వెళితే కోడలు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, తల మంచం పట్టెకి ఆనించి నిద్రపోతోంది. ఆమె పైటకొంగు చివర అత్త ఎడమ మణికట్టుకి ముడివేసి ఉంది. గట్టిగా కాదు, లోపల వేలు పట్టేంత వదులుగా, రెండు ముళ్ళు. పెద్దామె చెయ్యి కదిపినప్పుడల్లా కొంగు లాగి కోడలు నిద్రలోనే ఉలిక్కిపడుతోంది.

ఆస్పత్రిలో పడిపోతుందేమోనని కట్టిందనుకున్నాను. లేపి అడిగితే చెప్పింది. "ఇంటికాడ కూడా ఇంతే సార్. తొమ్మిది నెలలైంది. ఆమె లేస్తే నాకు మెలకువ వస్తదని. ఆ రోజు మా తమ్ముడి కొడుకు నిశ్చితార్థానికి పోయి పొద్దుపోయి వచ్చినాం, బట్టలు మార్చుకునే ఓపిక లేక అట్నే పండుకున్నా. సిల్కు చీర సార్. ముడి జారిపోయింది."

ఆ చీర గురించే ఆమె ఏడుస్తోంది. పడింది చీర వల్ల కాదమ్మా, నేను రాసిన మాత్ర ఏడు నెలలు సాగినందువల్ల అని ఆ రాత్రే చెప్పాను, చెప్పకపోతే ఆమె జన్మంతా ఆ సిల్కు చీరని మోస్తుంది. నమ్మిందో లేదో తెలియదు. కోడలి బీపీ చూస్తే 170/104. వయసు 46. తొమ్మిది నెలలుగా వరసగా మూడు గంటలు నిద్రపోలేదు. ఇన్నాళ్ళూ నా ముందు పేషెంటు కుర్చీ వెనకాల నిలబడి ఉన్న మనిషి ఈమే.

డిమెన్షియా పేషెంటుని బయట ఎక్కడైనా చేర్చాల్సి రావడానికి మతిమరుపు ఎంత ఉందన్నది ఒక్కటే లెక్క కాదు. దానికి తోడు రాత్రి నిద్ర, మల మూత్రాల మీద అదుపు, కొట్టడం తిట్టడం, లేచి కూర్చోడానికి ఎంత సాయం కావాలి, ఇంట్లో చేతులెన్ని, ఆ చేతుల వయసెంత, అలసటెంత. 2002లో యాఫీ అనే పరిశోధకురాలు దాదాపు 5,800 మందిని గమనించి రాసిన దాంట్లో కూడా ఇదే ఉంది, పేషెంటు పరిస్థితితో పాటు చూసుకునేవాళ్ళ వయసు, భారం రెండూ కలిపి లెక్కిస్తేనే ఎవరు హోంకి వెళ్తారో అంచనాకి అందుతుందని. బతుకు ఎన్నాళ్ళన్నది వేరే లెక్క. అక్కడ వయసు, షుగరు లాంటి జబ్బులు, బరువు తగ్గడం, పడటం, మింగలేకపోవడం, నెమ్ము (న్యుమోనియా) చేయడం. కానీ ఈ రెండు లెక్కలూ ఒకచోట కలుస్తాయి. నిద్రలేని మనిషి తినిపించే ముద్దకి, నిద్రపోయిన మనిషి తినిపించే ముద్దకి తేడా ఉంటుంది. ఇది నేను కళ్ళారా చూశాను, చెప్తాను.

రిస్పెరిడోన్ మెల్లగా ఆపాం. వాకర్‌తో నాలుగడుగులు వేసేది. ఆపరేషన్‌కి ముందు 52 కిలోలు, ఏప్రిల్‌కి 44. మే నెలలో కోవిడ్ రెండో దెబ్బలో కోడలికి వచ్చింది, పదిహేను రోజులు గదిలో. ఆ పదిహేను రోజులు కొడుకు ఒక్కడే తల్లికి డైపర్లు మార్చాడు, తినిపించాడు. అప్పటిదాకా ఆ పని ఎంతుంటుందో అతనికి తెలియదు. కోడలు లేచింది గానీ మెట్లెక్కితే ఆయాసం, నడుం పట్టేయడం. ఆగస్టులో కొడుకు వచ్చి, "సార్, హోంలో పెడదాం అనుకుంటా ఉండా. ఇద్దర్నీ పోగొట్టుకోలేను" అన్నాడు. అతని మాటలో తప్పేముందో నాకు ఇప్పటికీ కనపడదు.

రెండు ఆశ్రమాలు నడవలేదని వద్దన్నాయి. మూడో చోట నెలకి 22 వేలకి తీసుకున్నారు. ఊళ్ళో మాట మాత్రం వెంటనే పుట్టింది, కోడలు అత్తని పెట్టేసి వచ్చిందని. నిర్ణయం కొడుకుది, మాట కోడలికి. పెళ్ళిళ్ళకి పోవడం మానేసింది.

ఐదు వారాల తర్వాత వెళ్ళి చూస్తే 38 కిలోలు. నడుం కింద రూపాయి బిళ్ళంత పుండు, లోపల గుంత. వెంటనే తీసుకొచ్చేశారు. ఆ చోటు వాళ్ళు దుర్మార్గులు కాదు. నేను మాట్లాడాను. రాత్రిపూట పద్దెనిమిది మందికి ఇద్దరు ఆయాలు. ఈమె ఒక పూట అన్నం తినడానికి నలభై నిమిషాలు పడుతుంది, అక్కడ ఒక్కొక్కరికి పది నిమిషాలు కూడా రాదు. రెండు ముద్దలు పెట్టి, నోరు తెరవకపోతే ఇంక వద్దంటోందని గిన్నె తీసేస్తారు. నోరు తెరవకపోవడం వద్దనడం కాదు, ముద్ద ఇంకా బుగ్గలో ఉండటం.

సెప్టెంబరులో ఇంటికొచ్చాక ముగ్గురు పిల్లల్ని, కోడల్ని కూర్చోబెట్టి మాట్లాడాను. బెంగళూరు అబ్బాయి వీడియోలో. నెలన్నరలో మూడుసార్లు, ఒక్కోసారి గంటపైన, ఆదివారాలు. న్యూయార్క్‌లో మేరీ మిట్టల్‌మన్ అనే ఆమె పేషెంటుని చూసుకుంటున్న భార్య లేదా భర్త 406 మంది మీద చేసిన పని నా మనసులో ఉంది. పేషెంటుని చూసుకునే మనిషితో విడిగా రెండుసార్లు, కుటుంబంతో కలిపి నాలుగుసార్లు కౌన్సెలింగ్, తర్వాత ఎప్పుడైనా ఫోన్ చేసే వీలు, సాటి మనుషుల గుంపు. ఇంతే చేస్తే నర్సింగ్ హోంలో చేర్చడం మధ్యస్థంగా 557 రోజులు వెనక్కి జరిగింది. ఏడాదిన్నర! ఇంత మేలు చేసిన మాత్ర నా చేతిలో ఏదీ లేదు. నేను చేసింది దానికి నాటుగా అనుకరణ, అయినా చేశాను.

మొదటి మాటల్లో అంతా తగువే. డబ్బు నేను పంపుతున్నా కదా అని ఒకరు, అమ్మ పేరుమీద పొలం ఎవరు తింటున్నారని ఒకరు. రెండోసారి నేను ఒక కాగితం మీద కోడలి ఒక రోజు రాయించాను, తెల్లవారుజామున నాలుగు నుంచి మళ్ళీ తెల్లవారుజామున నాలుగు దాకా, గంట గంటకి. అది కూతురు చదివింది. చదివి ఫోన్ పక్కన పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. నెలకి పది రోజులు తను వచ్చి ఉంటానంది, రెండేళ్ళ పైన ఆ మాట నిలబెట్టుకుంది. చిన్నకొడుకు ఊళ్ళోనే ఒకామెని పగటిపూటకి పెట్టడానికి నెలకి 12 వేలు ఇచ్చాడు. పెద్దకొడుకు వారానికి నాలుగు రాత్రులు తల్లి గదిలో పడుకోవాలి, కోడలు ఇంకో గదిలో తలుపేసుకుని పడుకోవాలి. ఈ చివరిదానికే అందరికంటే ఎక్కువ అడ్డం చెప్పింది కోడలే. "ఆయనకి మెలకువ రాదు సార్." మొదటి వారం రాలేదు కూడా. తర్వాత వచ్చింది.

పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. రెండు గంటలకోసారి పక్క మార్చడం, గాలి పరుపు, గుడ్లు, రాగి జావ. 2022 మార్చికి 43 కిలోలు.

2022 నవంబరులో మొదటిసారి నెమ్ము చేసింది. తగ్గి ఇంటికొచ్చాక నేను వాళ్ళింటికి వెళ్ళి ఒక పూట ఆమె తినడం మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చూశాను, అంతకు ముందే చెయ్యాల్సిన పని. మజ్జిగ తాగిస్తే పొలమారుతోంది. దగ్గు పెద్దగా రాకపోయినా గొంతు తడిగా, గరగరమంటోంది. పల్చటి నీళ్ళు శ్వాసనాళంలోకి జారడం తేలిక, చిక్కటి జావ మెల్లగా దిగుతుంది. కోడలు చేసే పద్ధతి చూడండి. వీపు వెనక రెండు దిళ్ళు పెట్టి నిటారుగా కూర్చోబెట్టింది. చారన్నం మెత్తగా పిసికి బొటనవేలి గోరంత ముద్ద నాలుక మధ్యలో పెట్టింది. గడ్డం కాస్త కిందికి వంచింది. చెంప కింద వేలితో రెండుసార్లు రాసి, గొంతు మీద ముడి పైకి లేచి దిగేదాకా ఆగింది. తర్వాత "ఆఁ" అని తను నోరు తెరిచింది, అత్త అది చూసి తెరిచింది. నోరు ఖాళీ అయిందని చూసుకున్నాకే రెండో ముద్ద. నలభై రెండు నిమిషాలు పట్టింది. ఎవరూ నేర్పలేదు. నేను చెప్పింది మూడు సంగతులే, నీళ్ళు మజ్జిగ కూడా చిక్కగా చెయ్యమని, తిన్నాక అరగంట పడుకోబెట్టొద్దని, రోజుకి రెండుసార్లు తడిగుడ్డతో పళ్ళు, చిగుళ్ళు, నాలుక తుడవమని. నోట్లో పాచి ఊపిరితిత్తుల్లోకి జారడం నెమ్ముకి పెద్ద కారణం.

బోస్టన్ ప్రాంతంలో బాగా ముదిరిన డిమెన్షియా పేషెంట్లు 323 మందిని పద్దెనిమిది నెలలు గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. వాళ్ళలో 85.8 శాతానికి తినడం దగ్గర సమస్య వచ్చింది. ఒకసారి నెమ్ము చేసినవాళ్ళలో 46.7 శాతం మంది ఆరు నెలల్లో పోయారు. ఈమె మొదటి నెమ్ము తర్వాత పదిహేను నెలలు బతికింది. అందుకు కారణం నలభై రెండు నిమిషాలని నేను రుజువు చెయ్యలేను, అలాగని వేరే కారణం చెప్పమన్నా చెప్పలేను.

2024 ఫిబ్రవరిలో రెండోసారి. అప్పటికి మాట పోయి ఏడాది, మనుషుల్ని చూసి నవ్వడం కూడా పోయింది. ఆస్పత్రిలో తిండికి ముక్కులోంచి పైపు వేద్దామన్నారు. ముదిరిన డిమెన్షియాలో పైపు ఆయుష్షు పెంచినట్టు ఆధారం లేదు, నెమ్ముని ఆపదు, పుండ్లు ఎక్కువవుతాయి, లాగేసుకోకుండా చేతులు కట్టాల్సి వస్తుంది. అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ 2014లో పైపు వద్దు, ఓపిగ్గా చేత్తోనే తినిపించండి అని చెప్పింది. నేను కుటుంబానికి ఇదంతా చెప్పాను, నా అభిప్రాయం కూడా దాచలేదు. చిన్నకొడుకు, "అన్నం పెట్టకుండా చంపుకుంటామా సార్?" అని అడిగాడు. అది కడుపులోంచి వచ్చిన ప్రశ్న, గణాంకాలతో జవాబు చెప్పకూడదు. తినగలిగినంత చేత్తో పెడదాం, నోరు తెరవనప్పుడు తడిపి ఊరుకుందాం, ఆయాసం లేకుండా చూసుకునే పూచీ నాది అన్నాను. కోడలు, "చేతులు కట్టొద్దు సార్, ఇంటికి తీసకపోతాం" అంది. ఇంటికొచ్చాక పెద్దామె తొమ్మిది రోజులు బతికింది. చివరి రెండు రోజులు కూతురు కూడా ఉంది. వయసు 76, మొదటిసారి నా దగ్గరికి వచ్చి ఐదేళ్ళ మూడు నెలలు, అందులో ఇంటి బయట ఉన్నది ఆ ఐదు వారాలు, ఆస్పత్రి రోజులు.

తోటి డాక్టర్లకి నేను చెప్పుకునేది, ఈ కేసు తర్వాత మార్చుకున్నవి. పేషెంటుతో వచ్చిన మనిషికి కూడా ఓ.పి. కార్డు తీస్తున్నాను, డబ్బు తీసుకోకుండా, బీపీ, బరువు, నిద్ర గంటలు రాయడానికి. రిస్పెరిడోన్, క్వెటియాపిన్ లాంటివి తప్పనిసరై రాస్తే ఆపే తేదీని చీటీ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాస్తున్నాను, ఆ తేదీకి మా కాంపౌండర్ ఫోన్ చేస్తాడు. రాత్రి లేచి తిరుగుతున్నారంటే మాత్రకి ముందు మలబద్ధకం, మూత్రం, నొప్పి, పగటి నిద్ర, కొత్తగా మొదలుపెట్టిన మందులు వెతుకుతాను. హోంలో పెడదామనుకుంటున్నామని ఎవరైనా అంటే వద్దనను, సిగ్గుపెట్టను. రాత్రికి ఆయాలు ఎంతమంది, మా అమ్మకి ఒక పూట తినడానికి ఎంతసేపు పడుతుంది, ఈ రెండూ కనుక్కుని వెళ్ళమంటాను. ఏం చెయ్యాలో తోచనివాళ్ళకి పెద్దల హెల్ప్‌లైన్ 14567 ఉందని చెప్తాను, చాలామందికి అది తెలియదు.

కోడలు మే నెలలో తన బీపీ చూపించుకోడానికి ఒక్కతే వచ్చింది. పేషెంటు కుర్చీలో కూర్చోడానికి కాస్త తటపటాయించింది. 138/86. నిద్ర పడుతోందా అమ్మా అని అడిగాను. పడుతోంది గానీ రెండున్నరకి మెలకువ వస్తోందని, లేచి పోయి గేటు గొళ్ళెం చూసొచ్చి మళ్ళీ పడుకుంటున్నానని చెప్పింది.